పర్లాకిమిడి నుంచి ధ్రువం దాకా: సిమ్యులేటర్‌లో 737 నేవిగేషన్, ఆరేళ్ల వాడకం

మాది పర్లాకిమిడి. ఇంట్లో కంప్యూటర్‌లో బోయింగ్ 737-800 విమానం సిమ్యులేటర్ వాడుతూ ఆరేళ్లు దాటింది. మొదటి ఏడాది వైజాగ్, భువనేశ్వర్, హైదరాబాద్ తిరిగాను. తర్వాత నార్వేలోని ట్రామ్సో నుంచి స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌ఇయర్‌బైన్‌కి వెళ్లే దారి పట్టాను. ఇప్పటికీ అదే దారి. అందరూ గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయని అడుగుతారు. బాగున్నాయి. కానీ పెట్టిన డబ్బుకు విలువ దొరికింది నేవిగేషన్‌లోనే, అంటే దారి, దిక్కు తెలుసుకునే పనిలోనే.

ముందుగా ఐఆర్ఎస్ (ఇనర్షియల్ రిఫరెన్స్ సిస్టమ్). బయటి సిగ్నల్ ఏదీ లేకుండా విమానం ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో లెక్కగట్టే యంత్రం ఇది. బయల్దేరే ముందు, నిలబడిన చోటే భూమి తిరుగుడును పసిగట్టి ఉత్తరం ఎటో తేల్చుకుంటుంది. దీన్నే అలైన్‌మెంట్ అంటారు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. అందులో నేలకు సమాంతరంగా ఆ యంత్రానికి అందేది మా ఊళ్లో అయితే 14 డిగ్రీల పైమాటే, లాంగ్‌ఇయర్‌బైన్‌లో మాత్రం 3. అందుకే భూమధ్యరేఖ దగ్గర 5 నిమిషాల్లో అయిపోయే అలైన్‌మెంట్‌కి అక్కడ 17 నిమిషాలు పడుతుంది. 78°15′ అక్షాంశం దాటాక అసలు చేయకూడదు. లాంగ్‌ఇయర్‌బైన్ ఎయిర్‌పోర్టు 78°14′ దాటాక, ఆ గీతను ఆనుకునే ఉంది!

సిమ్యులేటర్‌లో కూడా 17 నిమిషాలూ ఆగాల్సిందే. మా అన్నయ్య కొడుకు పక్కన కూర్చుని "ఇంకా అవలేదా బాబాయ్?" అని అడుగుతూనే ఉంటాడు. త్వరగా అయిపోయే సెట్టింగ్ ఉంది, దాన్ని ఆపేయమనే నా సలహా. ఒకసారి తొందరపడి 12వ నిమిషంలో పుష్‌బ్యాక్ (విమానాన్ని వెనక్కి నెట్టడం) మొదలుపెట్టాను. అలైన్ లైటు కొట్టుకోసాగింది. అలైన్‌మెంట్ మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. విమానం కదలకూడదన్న మాట ఆ రోజే నాకు అర్థమైంది.

ఇక దిక్కులు. ఈ విమానం అయస్కాంత దిశను సూదితో చూడదు. నిజ ఉత్తరానికి (భూమి ధ్రువం వైపు దిక్కుకి), అయస్కాంత ఉత్తరం ఏ చోట దానికి ఎంత తేడాగా ఉందో చెప్పే, లోపల దాచుకున్న పట్టికను కలిపి లెక్కగడుతుంది. అయస్కాంత ధ్రువం కెనడా వైపు నుంచి సైబీరియా వైపు జరుగుతోంది కాబట్టి పట్టిక పాతబడితే అంకె తప్పుతుంది. మొదట్లో రన్‌వే మీద నిలబడితే చార్టుకూ తెరకూ రెండు మూడు డిగ్రీల తేడా కనిపించేది. నిరుడు వచ్చిన అప్‌డేట్‌తో సరిపోయింది.

ఒక్కోసారి లాంగ్‌ఇయర్‌బైన్ దాటి ఇంకా ఉత్తరానికి పోతాను. 82 డిగ్రీల అక్షాంశం దాటాక ట్రూ హెడింగ్‌కి (నిజ ఉత్తరం నుంచి కొలిచే దిశకి) మారి, మరో తొమ్మిది వందల కిలోమీటర్లు పోతే ధ్రువం. రేఖాంశాల మధ్య దూరం మా ఊళ్లో డిగ్రీకి 105 కిలోమీటర్లు, 89 డిగ్రీల దగ్గర రెండే. విమానం తిన్నగా పోతున్నా హెడింగ్ అంకెలు గిర్రున తిరుగుతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఒక లోపం ఉంది. 85 డిగ్రీల దగ్గర కూడా ఇందులో శాటిలైట్ ఫోన్ పనిచేస్తుంది. భూమధ్యరేఖ పైన ఒకేచోట నిలిచినట్టుండే భూస్థిర ఉపగ్రహాలు 81 డిగ్రీలు దాటాక దిగంతం కిందికి పోతాయి, అక్కడ దూరాలకు అందే హెచ్ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ) రేడియోనో, ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలనో వాడుకోవాలి. దీన్ని సరిచేయాలి.

మా వైపు వాళ్లకు ఇంకో మాట: ఇన్వర్టర్ ఉంటేనే ఈ దారి మొదలుపెట్టండి. పదహారో నిమిషంలో కరెంటు పోయిందంటే, అలైన్‌మెంట్ మళ్లీ మొదటి నుంచే.