పిరమిడెన్‌కి పడవ ఎక్కే ముందు

పిరమిడెన్‌లో ఆఖరి బొగ్గు 1998 మార్చి 31న తీశారు. ఆ ఏడాది శీతాకాలం రాకముందే ఊరు ఖాళీ అయింది. 'చివరి టన్ను' అని రాసిన బొగ్గు మోసే టబ్బు ఇప్పటికీ ఊరి పేరున్న స్థూపం దగ్గర నిలబడి ఉంది. నార్వేకి ఉత్తరాన స్వాల్‌బార్డ్ దీవుల్లో, 78 డిగ్రీలు దాటిన అక్షాంశంలో ఉన్న ఊరిది. 1910లో స్వీడన్ వాళ్ళు మొదలుపెట్టారు, 1927లో సోవియట్‌లకు అమ్మేశారు. ఆ తర్వాత ఆర్కటికుగోల్ అనే రష్యా ప్రభుత్వ సంస్థ చేతిలోకి వచ్చింది. 1980ల్లో ఇక్కడ వెయ్యిమందికి పైగా ఉండేవాళ్ళు. ఇప్పుడు వేసవిలో హోటల్ నడిపేవాళ్ళూ గైడ్లూ తప్ప ఎవరూ ఉండరు. ఊరు చూడటానికి ఖర్చు బాగానే అవుతుంది. అంత ఖర్చుపెట్టి వెళ్ళి, గంటన్నరలో ఫోటోలు తీసుకుని పడవ ఎక్కేవాళ్ళే ఎక్కువ. అలా చూస్తే ఈ ఊరు సగం కూడా దొరకదు.

మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి మొదటి చిక్కు వీసా దగ్గరే వస్తుంది. స్వాల్‌బార్డ్‌కి ఎవరికీ వీసా అక్కర్లేదు. 1920 నాటి ఒప్పందం వల్ల వచ్చిన వెసులుబాటు అది, దాని మీద సంతకాల్లో ఇండియా పేరు కూడా ఉంది. కానీ మామూలు విమానాలన్నీ ఓస్లో, ట్రోమ్సో మీదుగానే వెళ్తాయి. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంజెన్‌లో నార్వే ఉంది, స్వాల్‌బార్డ్ లేదు. ఓస్లోలో దిగినప్పుడు ఒక ప్రవేశం, స్వాల్‌బార్డ్ నుంచి తిరిగొచ్చినప్పుడు రెండో ప్రవేశం. సింగిల్ ఎంట్రీ వీసాతో వెళ్తే తిరుగు ప్రయాణంలో ఇరుక్కుంటారు, లేదా ముందే విమానం ఎక్కనివ్వరు. దరఖాస్తులోనే డబుల్ లేదా మల్టిపుల్ ఎంట్రీ అడగండి, స్వాల్‌బార్డ్ టికెట్లు జతచేయండి. వీసా చేతికి రాగానే ఎంట్రీల సంఖ్య ఎంతని వేశారో చూసుకోండి. పాస్‌పోర్టు తనిఖీ ఉంటుంది కాబట్టి ఓస్లోలో విమానం మారడానికి కనీసం రెండున్నర గంటలు పెట్టుకోవాలి.

దిగేది స్వాల్‌బార్డ్ ముఖ్య పట్టణం లాంగియర్‌బీయెన్‌లో. అక్కడినుంచి పిరమిడెన్‌కి యాభై కిలోమీటర్ల దూరం, రోడ్డు లేదు. మే మధ్య నుంచి సెప్టెంబరు దాకా పడవలు తిరుగుతాయి. ఫియోర్డ్‌లో, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, మంచు విడవకపోతే మొదటి వారాల ట్రిప్పులు రద్దవుతుంటాయి, అందుకే జూన్ మూడో వారం తర్వాత పెట్టుకోవడం క్షేమం. పెద్ద పడవలో వెళ్ళడానికి మూడు గంటలు, రానుపోను కలిపి రోజంతా. టికెట్ రెండు వేల నార్వే క్రోనర్లకు అటూ ఇటూ ఉంటుంది, మధ్యాహ్న భోజనం చాలావరకు అందులోనే. చిన్న స్పీడు పడవలు తొందరగా చేరుస్తాయి గానీ, ఒళ్ళంతా కప్పే సూటు వేసుకుని గాలికి ఎదురు కూర్చోవాలి. పిల్లలూ, నడుము నొప్పి ఉన్నవాళ్ళూ వాటి జోలికి పోకపోవడమే మంచిది.

బుక్ చేసేముందు ఒక్క ప్రశ్న తప్పనిసరిగా అడగండి: పిరమిడెన్‌లో దిగనిస్తారా, లేక పడవలోంచి చూపించి తిప్పేస్తారా? 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక స్థానిక పర్యాటక సంఘం ఆర్కటికుగోల్‌తో వ్యాపారం వద్దంది. చాలా నార్వే కంపెనీలు ఆ సంస్థ ఊళ్ళలో ఆగడం మానేశాయి. టూర్ పేరులో 'పిరమిడెన్' అని ఉన్నా, కొన్ని నార్డెన్‌షోల్డ్ హిమానీనదం దాకా వెళ్ళి ఊరిని నీళ్ళమీంచే చూపించి వెనక్కి వస్తాయి. హిమానీనదం చూడాలనుకునేవాళ్ళకి అది చాలు, ఊరి కోసం వెళ్ళేవాళ్ళకి చాలదు. దిగితే ఖర్చుపెట్టే డబ్బు రష్యా ప్రభుత్వ సంస్థకు వెళ్తుంది. అది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాల్సిన విషయం, కాకపోతే తెలిసి తేల్చుకోవాలి.

దిగాక ఊళ్ళోకి గైడ్‌తోనే నడవాలి. ధ్రువపు ఎలుగులు ఈ వైపు తిరుగుతుంటాయి, గైడ్ భుజాన రైఫిల్ ఉంటుంది. భవనాల తాళాలు కూడా వాళ్ళ దగ్గరే. 1946కి ముందువి ఏవైనా స్వాల్‌బార్డ్ చట్టం ప్రకారం తమంతట తామే రక్షిత వస్తువులు. ఈ ఊరి కట్టడాలు చాలావరకు ఆ తర్వాతివి. అయినా ఒక్క పింగాణీ కప్పు కూడా ముట్టుకోకండి. మొదటి సంవత్సరాల్లో వచ్చినవాళ్ళు జ్ఞాపికలని చెప్పి పట్టుకుపోయిన వస్తువులకి లెక్కలేదు, దానివల్లే ఈనాడు చాలా తలుపులకి తాళాలు పడ్డాయి.

నడక ప్రధాన వీధి మీదుగా సాగుతుంది. ఒకవైపు ఒంటరి మగవాళ్ళు ఉన్న 'లండన్' భవనం, ఇంకోవైపు ఆడవాళ్ళు ఉన్న 'పారిస్', పిల్లల గోలతో నిండిన కుటుంబాల భవనానికి 'పిచ్చిల్లు' అని పేరు. వీధి చివర సాంస్కృతిక భవనం, దాని ముందు లెనిన్ తల. ఆ చూపు ఊరంతా దాటి నీళ్ళవతలి హిమానీనదం మీద పడుతుంది. లోపల వేదిక పక్కన 'రెడ్ అక్టోబర్' పియానో ఉంది. కొన్ని మీటలు నొక్కితే లేవవు, కొన్ని మోగుతాయి, గైడ్ అనుమతిస్తేనే తాకాలి. ఈత కొలనులో నీళ్ళు లేవు, నీలం పలకలు మాత్రం చెక్కుచెదరలేదు. చలికి, పొడిగాలికి కుళ్ళు నెమ్మదిగా పడుతుంది. పాడయ్యేదంతా పైకప్పు కారినచోటే. భోజనశాల గోడమీది పెద్ద మొజాయిక్ దగ్గర కాసేపు నిలబడండి, తొందరపెట్టే గైడ్‌ని కూడా ఆగమనండి.

బొగ్గు సంగతి తెలిసినవాళ్ళకి అసలు ఆసక్తి కొండ మీద ఉంటుంది. సింగరేణిలో బాయిలోకి దిగుతారు, ఇక్కడ షిఫ్టుకి కొండ ఎక్కేవాళ్ళు. బొగ్గు పొర కొండ పక్కలో ఎత్తున ఉంది. అందుకే కొండ కింది నుంచి పైదాకా చెక్కతో కప్పిన ఏటవాలు సొరంగం లాంటి దారి కనిపిస్తుంది. మనుషులు వెళ్ళేందుకూ, బొగ్గు దించేందుకూ కట్టిందది. దగ్గరికి వెళ్ళనివ్వరు, పలకలు ఊడిపోతున్నాయి. గని లోపలికి ఎవరికీ ప్రవేశం లేదు. ఇంత ఉత్తరాన ఆవులు, పందులు, కోళ్ళు పెంచారు, గాజు పైకప్పుల కింద కూరగాయలు పండించారు. పచ్చిక కోసం మట్టిని బయటినుంచి ఓడల్లో తెచ్చారని చెబుతారు. వేసవిలో ఒక నివాస భవనం కిటికీ గట్లన్నిటా కిట్టివేక్ జాతి సీగల్ పక్షులు గూళ్ళు పెడతాయి. ఊరంతటికీ వినిపించే చప్పుడు వాటిదే.

రాత్రి ఉండాలంటే 2013లో తిరిగి తెరిచిన తుల్పాన్ హోటల్ ఒక్కటే చెప్పుకోదగ్గది. బాగుచేసిన గదులూ ఉన్నాయి, సోవియట్ కాలం నాటివీ ఉన్నాయి. సౌకర్యం గురించి ఎక్కువ ఆశించవద్దు. సూపు, పెల్మెనీ అనే మాంసం కుడుములు, బ్రెడ్డు దొరుకుతాయి, శాకాహారులు బుకింగ్ అప్పుడే రాసిపంపాలి. ఇక్కడ ఉండటం వల్ల లాభం వేరే ఉంది. సాయంత్రం పడవలు వెళ్ళిపోయాక వీధిలో మీ గుంపు తప్ప ఎవరూ ఉండరు, ఏప్రిల్ 20 నుంచి ఆగస్టు 23 దాకా సూర్యుడు అస్తమించడు కాబట్టి రాత్రి పదకొండింటికి కూడా గోడల రంగు చూడొచ్చు. ఒక రాత్రి చాలు, రెండో రాత్రికి కొత్తగా చూసేది పెద్దగా లేదు. కార్డులు పనిచేస్తాయని నమ్ముకోకండి, నార్వే క్రోనర్లు నగదుగా తీసుకెళ్ళండి. ఫోన్ సిగ్నల్ మీద కూడా ఆధారపడొద్దు, ఇంటికి ముందే చెప్పి వెళ్ళండి.

బారెంట్స్‌బుర్గ్ కూడా రష్యా వాళ్ళ బొగ్గు ఊరే, కానీ ఇంకా బతికి ఉన్నది. గని నడుస్తోంది, బడి ఉంది, రష్యా కాన్సులేట్ ఉంది, హోటలూ హాస్టలూ ఉన్నాయి. 'మా లక్ష్యం కమ్యూనిజం' అన్న పెద్ద అక్షరాల బోర్డు ఇక్కడిదే. దారి ఇస్‌ఫియోర్డ్ నోటివైపు వెళ్తుంది కాబట్టి సముద్రపు అల తగులుతుంది, పడవ ఊపు తట్టుకోలేనివాళ్ళు మాత్ర ముందే వేసుకోవాలి. పిరమిడెన్ దారిలో నీళ్ళు చాలావరకు నిమ్మళం. ఒక్క ఊరికే సమయముంటే పిరమిడెన్ ఎంచుకోమనే చెబుతాం. బారెంట్స్‌బుర్గ్‌లో మనుషులున్నారు, పిరమిడెన్‌లో వాళ్ళు వదిలి వెళ్ళిన జీవితం ఉంది.

మార్చి, ఏప్రిల్‌లో స్నోమొబైల్ మీద కూడా వెళ్ళొచ్చు. రానుపోను దాదాపు రెండు వందల కిలోమీటర్లు, పది గంటల పైన పని. డ్రైవింగ్ లైసెన్స్ తప్పనిసరి, అంతర్జాతీయ పర్మిట్ కూడా జేబులో ఉండాలి. ఎప్పుడూ నడపనివాళ్ళు ఇంత దూరం మొదటిసారే పెట్టుకోకండి, బొటనవేలు యాక్సిలరేటర్ మీదే ఉండి మణికట్టు బిగుసుకుపోతుంది.

బట్టల్లో జరిగే తప్పు నూలు బనియన్లు. చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతాయి, పడవ డెక్ మీద నిలబడగానే ఆ తడి చలి వెన్నులోకి దిగుతుంది. ఒంటికి ఆనేది ఊలు, దానిమీద ఫ్లీస్, ఆపైన గాలి చొరబడని జాకెట్. జులైలో కూడా పగలు మామూలుగా పది డిగ్రీల లోపే. ఊళ్ళో మేకులు, గాజు పెంకులు ఉంటాయి, మందమైన అడుగున్న బూట్లు కావాలి. కెమెరా బ్యాటరీలు లోపలి జేబులో పెట్టుకోండి. తిండి సామానులో పులిహోర పొడి, అటుకులు, పచ్చళ్ళు సరే. మాంసం, పాలతో చేసిన స్వీట్లు, నెయ్యి మాత్రం నార్వే కస్టమ్స్‌లో ఆగిపోతాయి.

లాంగియర్‌బీయెన్‌లో బస ఎంచుకునేటప్పుడు, నీబీయెన్‌లోని పాత గని కార్మికుల బ్యారక్‌లు మిగతావాటికంటే చవక. గదులు చిన్నవి, స్నానాల గది ఉమ్మడి, వంటగది ఉంటుంది కాబట్టి మనవాళ్ళకి అనుకూలం. ఊరి మధ్యనుంచి రెండు కిలోమీటర్లకు పైగా ఎత్తు నడక, సరుకులు మోసుకుంటూ వెళ్తే అరగంట దాటుతుంది. విమానాశ్రయం బస్సు ప్రతి విమానానికీ ఉంటుంది, అక్కడిదాకా వస్తుంది. గడపలో బూట్లు విప్పడం ఇక్కడి ఆచారం, బొగ్గు మసి ఇళ్ళలోకి రాకూడదని గని కాలంలో మొదలైంది.

పడవ ప్రయాణాన్ని తిరుగు విమానం ముందురోజుకి పెట్టుకోకండి. గాలి తిరిగితే ఉదయమే రద్దని మెసేజ్ వస్తుంది, డబ్బు తిరిగిస్తారు గానీ రోజు తిరిగిరాదు. కనీసం ఒక రోజు ఖాళీగా ఉంచుకుని, పిరమిడెన్‌ని మొదటి లేదా రెండో రోజుకి వేయండి. రద్దయితే ఆ రోజు విమానాశ్రయం పక్కనున్న మూడో నంబరు గనికి వెళ్ళండి, 1996లో మూతపడినది. ఓవరాల్, హెల్మెట్, దీపం ఇస్తారు. పొర మీటరు కంటే తక్కువ మందం, కార్మికులు పడుకునే తవ్వేవాళ్ళు. ఆ ఎత్తులో ఒక్కసారి పడుకుని దీపం ఆర్పమని గైడ్‌ని అడగండి. చేయి పైకెత్తితే అరచేతికి రాయి తగులుతుంది.