కాకి తిండి ఎక్కడ దాస్తుందో చూడ్డానికి కొన్న 8×42 బైనాక్యులర్స్: ఎనిమిది నెలల వాడకం తర్వాత

మార్చిలో ఆన్‌లైన్‌లో కొన్నాను, ఏడువేల అయిదొందల దాకా అయింది. కొనే ముందు చదివిన రివ్యూలన్నీ కొల్లేరు, నేలపట్టు వెళ్ళి పెలికాన్లు చూసొచ్చేవాళ్ళు రాసినవే. ఇంట్లోంచే కాకుల్ని చూసుకోవాలంటే పనికొస్తుందా అన్నది ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నా. పనికొస్తుంది, చాలా బాగా పనికొస్తుంది.

మాది రాజమండ్రి, మూడో అంతస్తు. వెనక బాల్కనీకి ఎదురుగా ఒక పాత పెంకుటిల్లు, దాని దొడ్లో రెండు కొబ్బరి చెట్లు. మా అత్తయ్య రోజూ టిఫిన్లు అవ్వగానే పిట్టగోడ మీద కాకులకి కాస్త పెడుతుంది, ఇడ్లీ అయితే ఇడ్లీ, రాత్రి మిగిలిన చపాతీ అయితే చపాతీ. ఒకరోజు ఆవిడే అంది, "ఇది తినట్లేదమ్మాయ్, మూటగట్టుకుపోతోంది, ఎక్కడ పెడుతోందో చూడు" అని. నిజమే, ముక్కు నిండా కుక్కుకుని, గొంతు కింద ఉబ్బెత్తుగా కనిపించేంత నింపుకుని పెంకుటింటి వైపు ఎగిరిపోయి, నిమిషంలో ఖాళీ ముక్కుతో తిరిగొచ్చేది. అంత దూరంలో ఏం చేస్తోందో మామూలు కళ్ళకి తెలియదు. దాని కోసమే ఇది కొన్నాను.

ముందు వస్తువు సంగతి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుంది, 42 అంటే ముందున్న అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 10×42 తీసుకోమని చాలామంది అంటారు కానీ పది రెట్లయితే చేతి వణుకు కూడా పది రెట్లు కనిపిస్తుంది, పైగా చూపులో పట్టే మేర తగ్గిపోతుంది, కాకి ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతితే మళ్ళీ వెతుక్కోవాలి. 42ని 8తో భాగిస్తే 5.25, అంటే కంట్లో పడే గుండ్రటి వెలుగు వెడల్పు 5.25 మిల్లీమీటర్లు. మనకి ఇది ఎందుకంటే కాకులు పొద్దున్నే ఆరింటికి ముందే మొదలుపెడతాయి, ఆ మసక వెలుతురులో నలుపు మీద నలుపు విడిగా తెలియాలి. ఇందులో తెలుస్తుంది. రెండు మీటర్ల దూరంలో ఉన్నదానికి కూడా ఫోకస్ కుదురుతుంది, అది మాకు అనుకోకుండా ఎంత పనికొచ్చిందో కింద చెప్తాను.

మొదటి వారంలోనే ఒక కాకిని గుర్తుపట్టగలిగాను, ఎడమకాలికి ముందున్న వేళ్ళలో ఒకటి లేదు. మెడ బూడిదరంగు ఉండే మామూలు ఊరకాకే. అది ఏం చేస్తుందంటే, పెంకు అంచు దగ్గర దిగి, ముందు కాసేపు ఊరికే నిలబడి అటూ ఇటూ చూస్తుంది. చుట్టూ ఎవరూ లేరనుకుంటే గొంతులోది కక్కి, పెంకు సందులోకి తోసి, ముక్కుతో రెండు మూడు పోట్లు పొడిచి కుదురుస్తుంది. తర్వాత, నాకు నమ్మబుద్ధి కాలేదు, పక్కనున్న ఎండు వేపాకో, పెచ్చు ముక్కో తెచ్చి పైన పెడుతుంది! పెట్టి, ఒకడుగు వెనక్కి వేసి చూసి, మళ్ళీ సర్దుతుంది. అన్నీ ఒకేచోట దాచదు, ఒక ముక్క పెంకు కింద, ఒకటి కొబ్బరి మట్ట మొదట్లో పీచులోకి, ఒకటి మా బాల్కనీలోనే కరివేపాకు కుండీ మట్టిలో. ఈ కుండీ దగ్గరే ఆ రెండు మీటర్ల ఫోకస్ పనికొచ్చింది, గదిలో తలుపు సందునుంచి చూస్తే కంటిరెప్ప ఆర్పడం కూడా కనిపించింది.

పైన ఇంకో కాకి వాలితే మాత్రం వ్యవహారం వేరు. ముఖ్యంగా ఒంటినిండా నలుపు, లావు ముక్కు ఉండే బొంతకాకి కొబ్బరి మట్ట మీద కూర్చుంటే, మా కాకి పెట్టినదాన్ని మళ్ళీ తీసి నోట్లో వేసుకుని వేరే వైపు పోతుంది. వియన్నా విశ్వవిద్యాలయం పరిశోధకులు రేవెన్ అనే పెద్దజాతి కాకుల మీద 2016లో ఇలాంటిదే ప్రచురించారు. పక్క గది కిటికీ మూసేసి, చిన్న కన్నం మాత్రం తెరిచి, ఆ గదిలోంచి వేరే రేవెన్ గొంతు రికార్డింగ్ వినిపిస్తే, అవతల పక్షి కంటికి కనిపించకపోయినా, ఎవరో చూస్తున్నారన్నట్టే జాగ్రత్తపడి దాచుకున్నాయట. అదే కన్నం మూసేస్తే, గొంతు వినిపించినా ఆ జాగ్రత్త లేదు. ఇది చదివాక మా పెంకు మీద ఆ కాకి ఊరికే నిలబడే కాసేపటిని చూసే తీరు మారిపోయింది నాకు.

ఇంకో విషయం. ఉడికించిన గుడ్డు ముక్క, వేరుశనగ పలుకులు రెండూ పెట్టిన రోజుల్లో గుడ్డు దాచిన చోటికి అదే సాయంత్రం వచ్చేది, పలుకుల కోసం ఒకట్రెండు రోజులు ఆగేది. నేను చూసింది కొన్నిసార్లే. కానీ కాకి కుటుంబంలోదే అయిన స్క్రబ్ జే అనే పక్షితో క్లేటన్, డికిన్సన్ అనే ఇద్దరు 1998లో చేసిన ప్రయోగం సరిగ్గా దీని గురించే. పురుగులు త్వరగా పాడవుతాయని తెలిసిన పక్షులు, దాచిన 4 గంటలకైతే ఇష్టమైన పురుగుల్ని వెతుక్కున్నాయి, 124 గంటలు గడిచాకైతే వాటిని వదిలేసి పల్లీల దగ్గరికి వెళ్ళాయి. ఏది, ఎక్కడ, ఎప్పుడు దాచిందో గుర్తుంది దానికి. మనం ఫ్రిజ్‌లో గిన్నె పెట్టి మర్చిపోతాం. అత్తయ్యకి ఇది చదివి వినిపిస్తే, "పిండం దగ్గర కాకి రాలేదని ఏడుస్తాం కానీ రోజూ వచ్చేదాన్ని ఎప్పుడైనా చూశామా" అంది. నాకు ఆ మాట చాలాసేపు మనసులో ఉండిపోయింది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. కుడివైపు ఐకప్, అంటే కంటికి ఆనించుకునే కప్పు, పైకి తిప్పితే నిలబడదు, రెండో నెల నుంచే జారిపోతోంది. అమ్మినవాళ్ళకి రెండు మెయిల్స్ పెట్టాను, వారంటీలో రాదన్నారు, అది నాకు నచ్చలేదు. 650 గ్రాముల బరువు, దాంతో పాటు వచ్చిన సన్నటి మెడపట్టీ పావుగంటకే ఒరుసుకుంటుంది, వెడల్పాటిది వేరే కొనుక్కోండి. ఏసీ గదిలోంచి బాల్కనీలోకి తెస్తే అద్దాల మీద ఆవిరి పడుతుంది, అది వస్తువు లోపం కాదు, చల్లటి అద్దానికి మన గోదావరి ఉక్క తగిలితే అంతే, తుడవకుండా ఐదు నిమిషాలు బయట ఉంచితే పోతుంది. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకండి, పిల్లలున్న ఇంట్లో ఇది ముందే చెప్పాలి.

ఊళ్ళో వాడేవాళ్ళకి ఇంకో మాట. పెంకుటింటి పిన్నిగారు ఒకరోజు కిందనుంచి, "ఏమ్మా, మా ఇంట్లోకే చూస్తున్నావేంటి" అని గట్టిగానే అడిగారు. న్యాయమైన మాటే, ముందు రోజే వెళ్ళి చెప్పాల్సింది. పైకి పిలిచి, ఆవిడ చేతికే బైనాక్యులర్స్ ఇచ్చి, ఆ పెంకు చూపించాను. "ఓర్నీ, మా పెంకులు జరుగుతున్నది దీనివల్లనా, నేను పిల్లి అనుకుంటున్నా" అన్నారు. ఆ తర్వాత పెంకు సర్దించారు కానీ కాకిని తోలడం మానేశారు.

నా మార్కులు 5కి 4. ఒకటి ఐకప్ కోసం తీసేశాను. కళ్ళద్దాలు ఉన్నవాళ్ళకి ఆ లోపం అడ్డం కాదు, ఐకప్ కిందికి తిప్పుకునే చూడాలి కాబట్టి. అత్తయ్య అలాగే చూస్తుంది, పొద్దున ఆరింటి నుంచి ఏడింటి దాకా అవి ఆవిడ దగ్గరే ఉంటాయి.