రిజర్వ్ జట్టు ఎక్కడుంటే మేలు? తపతీయోనా, క్రూస్ అసూల్ ఇదాల్గోనా?

మెక్సికో ఫుట్‌బాల్ లీగ్ చూసే మనవాళ్ళు పెద్దగా లేరు. అక్కడ శనివారం రాత్రి తొమ్మిదికి మొదలయ్యే ఆట మనకి ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి వస్తుంది, ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని చూసే టైము. చూసే ఆ కొద్దిమందీ నన్ను తిప్పితిప్పి అడిగేది ఒకటే: పెద్ద క్లబ్బు తన రిజర్వ్ జట్టును, అంటే కుర్రాళ్ళు ఆడే రెండో జట్టును, సొంత ఊళ్ళోనే ఉంచుకోవాలా, వేరే ఊరికి పంపాలా?

సొంత ఊళ్ళో ఉన్న జట్టంటే తపతీయో. గ్వాదలహారా నగరం మనిషిని అక్కడ అలాగే పిలుస్తారు, జట్టుకీ అదే పేరు. తల్లి క్లబ్బు ఆ ఊరి చివాస్. 1970లలోనే పుట్టి, మధ్యలో చాలాకాలం మూతపడి, 2020లో రెండో అంచెను లీగా దే ఎక్స్‌పాన్సియోన్‌గా మార్చినప్పుడు మళ్ళీ లేచింది. 2023 క్లౌసురా (ఏడాది మొదటి సగంలో జరిగే టోర్నీ) ఫైనల్లో మొరేలియాను ఓడించి కప్పు కూడా కొట్టింది.

కప్పు కొట్టి ఏం లాభం అంటారా? పై డివిజన్‌కి వెళ్ళే దారి 2020 నుంచే మూసేశారు. తెరిచి ఉన్నా, తల్లి ఆడే డివిజన్‌లో పిల్ల జట్టు ఆడకూడదు. అంటే పాయింట్ల పట్టికను బట్టి తపతీయోను కొలవడంలో అర్థం లేదు. అక్కడి కుర్రాడు పై జట్టుకి ఎంత తొందరగా చేరుతున్నాడో చూడాలి. నా లెక్కలో మొత్తం తేలేది ఇక్కడే.

చివాస్ ఆడించేది మెక్సికన్లనే. బ్రెజిల్ నుంచో కొలంబియా నుంచో స్ట్రైకర్‌ని దింపుకునే వీల్లేదు. ఈ సంగతి మెక్సికన్ ఆటగాణ్ణి అమ్మే క్లబ్బుకీ తెలుసు కాబట్టి ధర చెట్టెక్కిస్తుంది. ఇంట్లో పండించుకోవడం వాళ్ళకి ఆదర్శమేమీ కాదు, గత్యంతరం లేని పని. తపతీయో కుర్రాళ్ళు ఉండేదీ చివాస్ ఉన్న ఊళ్ళోనే. పైన ఎవరికో మడమ పట్టేస్తే, ఇల్లు మారకుండానే మర్నాటికి వీడు అక్కడ ప్రాక్టీసుకి దిగొచ్చు. గోల్‌కీపర్ రౌల్ రాంహెల్ తపతీయోలో ఆడి వచ్చినవాడే, ఇప్పుడు జాతీయ జట్టు దాకా వెళ్ళాడు. ‘చీమ’ అని పిలుచుకునే అర్మాందో గోన్సాలెస్‌దీ అదే దారి. 2025 అపెర్తురాలో (ఏడాది రెండో సగంలో జరిగే టోర్నీ) 12 గోల్స్‌తో టాప్ స్కోరర్ స్థానాన్ని మరో ఇద్దరితో పంచుకున్నాడు.

ఒక్కటే లోటు. నలభై వేలకు పైగా సీట్లున్న ఆక్రోన్ స్టేడియంలో తపతీయో ఆడుతుంటే ఎక్కువగా కనబడేది ఖాళీ సీట్లే. కోచ్ అరుపులు టీవీలో మనకే వినిపిస్తాయి.

రాజధాని మెక్సికో సిటీ క్లబ్బు క్రూస్ అసూల్‌కి రిజర్వ్ జట్టైన క్రూస్ అసూల్ ఇదాల్గో కథ దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. క్రూస్ అసూల్ అసలు పుట్టింది రాజధానిలో కాదు, ఇదాల్గో రాష్ట్రంలోని హాసో అనే సిమెంటు ఊళ్ళో, 1927లో, ఫ్యాక్టరీ కార్మికుల చేతుల్లో. 1968-69లో మొదటి లీగ్ టైటిల్ గెలిచిందీ అక్కడుండగానే. 1971లో జట్టు మెక్సికో సిటీకి, అజ్తెకా స్టేడియానికి వెళ్ళిపోయింది. ఛాంపియన్లను కళ్ళారా చూసిన ఊరికి మిగిలింది సిమెంటు దుమ్ము. 2000ల మొదట్లో రిజర్వ్ జట్టు ఆ ఊరి ‘10 దే దిసియెంబ్రే’ స్టేడియానికి రావడం అందుకే వాళ్ళకి చిన్న విషయం కాదు. అది ఊరి జట్టు, బెంచీ మీద కూర్చునేవాళ్ళకీ ఫ్యాక్టరీ షిఫ్టుకీ చుట్టరికం ఉన్న చోటు. కానీ 2014లో రెండో డివిజన్ స్థానం మోరెలోస్ రాష్ట్రంలోని చెరకు ఊరు సకాతెపెక్‌కి తరలిపోయింది. తర్వాత కింది డివిజన్‌లో అదే పేరుతో జట్టు నడిచిందనుకోండి, అది వేరే లెక్క.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. రాజధానిలోని మరో క్లబ్బు పూమాస్ తమ కుర్రాళ్ళను ఎక్కడో తబాస్కో రాష్ట్రంలోని విల్యాఎర్మోసాలో పెట్టి పూమాస్ తబాస్కో అన్నారు, మోంతెర్రేయ్ క్లబ్బువాళ్ళు తమ రిజర్వ్ జట్టును రాయా2 అన్నారు. 2023కల్లా రెండూ దుకాణం కట్టేశాయి.

కోచ్ కుర్చీలో కూర్చోబెడితే నేను కళ్ళు మూసుకుని తపతీయో మోడల్‌కే ఓటేస్తాను. టికెట్ కొనుక్కుని ఒక్క మ్యాచ్ చూడమంటే మాత్రం హాసో బస్సే ఎక్కుతాను.