మ్యూజియంలో ఫోను: అయిదేళ్లు వాడాక నా మాట

మా ఇంటికి చుట్టాలొస్తే ప్రోగ్రామ్ ఎప్పుడూ ఒకటే. పొద్దున్నే దుర్గగుడి, భోంచేసి ఒక కునుకు, ఎండ తగ్గాక ఉండవల్లి గుహలు. మర్నాడు కూడా ఉంటే బందరు రోడ్డులో బాపు మ్యూజియం, ఇంకో రోజు ఆగితే అమరావతి బౌద్ధ స్తూపం, అక్కడి మ్యూజియం. పాత విక్టోరియా జూబిలీ హాలును బాపు మ్యూజియంగా 2020 అక్టోబరులో మళ్లీ తెరిచారు కదా, అప్పటి నుంచి చుట్టాల పుణ్యమా అని ఈ చోట్లన్నీ పదిహేనుసార్లకు తక్కువ కాకుండా తిరిగుంటాను. తిరిగిన ప్రతిసారీ చేతిలో ఫోను ఉంది. మ్యూజియంలో పనిముట్టుగా ఆ ఫోను ఎంతవరకు పనికొచ్చిందన్నదే ఈ సమీక్ష.

ముందే చెప్పేస్తాను. భూతద్దంగా నూటికి తొంభై వేస్తాను. గైడుగా మాత్రం పాసు మార్కులు కూడా రావు.

గైడు సంగతి ముందు చూద్దాం. తెనాలి నుంచి వచ్చిన మా బాబాయికి డెబ్బై దాటాయి. ఇంగ్లీషు చదవగలరు కానీ మ్యూజియాల్లో పెట్టే ఆ చీమతలకాయంత అక్షరాలు కనపడవు. ఆయన కోసం గూగుల్ లెన్స్ తెరిచి, లేబుల్ మీద పెట్టి తెలుగులోకి మార్చాను. పని చేసింది, కాదనను. కానీ స్తూపం చుట్టూ ఉండే కంచె మీద వరుసగా పరిచే రాయిని ఇంగ్లీషులో కోపింగ్ అంటారు, మనవాళ్లు ఉష్ణీషం అన్నారు. లెన్స్ దాన్ని ఏమందో తెలుసా? ‘ఎదుర్కొనే రాయి’. కోపింగ్‌కు ఎదుర్కోవడమనే అర్థం కూడా ఉంది కదా, అదీ సంగతి. ఆ పక్కన డ్రమ్ పలక ఉంది, అంటే స్తూపం కింది గుండ్రటి దిమ్మెకు (మేధికి) తాపడం చేసిన రాయి. అది కాస్తా ‘డోలు పలక’ అయింది. బాబాయి ఆ రాయి ముందు నిలబడి డోలు ఎక్కడుందా అని అయిదు నిమిషాలు వెతికారు. “ఏరా, వాయించేవాడు కూడా లేడేంటి?” అన్నారు. ఇక రాతి మీది బ్రాహ్మీ అనే పాతకాలపు లిపి అక్షరాల జోలికి లెన్స్ అసలు పోలేదు, వాటిని నగిషీ అనుకుని వదిలేసింది.

క్యూఆర్ కోడ్‌ల గురించి ఎక్కువ రాయను. ఒక మ్యూజియంలో, పేరు ఎందుకులెండి, కోడ్ కాగితానికి లామినేషన్ చేసి కిటికీకి ఎదురుగా అంటించారు. ఆ మెరుపుకి కెమెరాకు కోడ్ చిక్కదు. వంగి, పక్కకు జరిగి ఎలాగో పట్టిస్తే పాత కట్టడం కదా, మందం గోడలు, సిగ్నల్ రాదు. బయటికొచ్చి తెరిస్తే పేజీ లేదంది. ఇంకోచోట టచ్ స్క్రీన్ మీద ‘తాకరాదు’ అని కాగితం అంటించి ఉంది. పెట్టినరోజు ఫోటోలు దిగుతారు, తర్వాత చూసుకునే నాథుడుండడు. ఆడియో గైడు కొత్తదేం కాదు. 1952లోనే ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియం షార్ట్‌వేవ్ రేడియోతో జనానికి చెవిలో కథ వినిపించింది. ఇన్నేళ్లు గడిచినా, నేను తిరిగిన చోట్ల తెలుగులో చెవికి దొరికినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అయితే ఒక పని మాత్రం ఫోను నా కంటికన్నా బాగా చేస్తుంది. అది జూమ్.

అమరావతి శిల్పం దూరం నుంచి చూస్తే అర్థమయ్యేది కాదు. పల్నాటి సున్నపురాయి మెత్తగా చెక్కుబడుతుంది కాబట్టి ఆ శిల్పులు జానెడు చోటులో ఊరంతా పట్టించారు. మనమేమో తాడుకు ఇవతల నిలబడి ‘బాగుంది’ అనుకుని ముందుకు పోతాం. పినాకిని ఎక్కి చెన్నై వెళ్లినప్పుడు ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి నుంచి వెళ్లిన నలగిరి పలక చూశాను. నలగిరి అంటే బుద్ధుడు లొంగదీసిన మదపుటేనుగు. గుండ్రటి పలకలో ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఎడమ పక్క మదమెక్కి వీధిలో జనం మీద పడుతుంది, కుడి పక్క బుద్ధుడి కాళ్ల దగ్గర మోకరిల్లుతుంది. ఈ మాత్రం మామూలు కంటికీ తెలుస్తుంది. ఫోను ఎత్తి పై అంచును అయిదింతలు చేశాను. మేడ కిటికీల్లోంచి తొంగిచూసే ముఖాలు! వీధిలో గొడవైతే మనవాళ్లు ఇప్పుడు బాల్కనీలోకి పరిగెత్తుకొచ్చి చూస్తారే, అచ్చం అదే. పక్కనున్న మా మేనల్లుడు నా ఫోను లాక్కుని, “మావయ్యా, వీళ్లు వీడియో తీస్తున్నట్టున్నారు” అన్నాడు. ఆ రోజు వాడు ఆ ఒక్క రాయి దగ్గరే చాలాసేపు ఉండిపోయాడు. మామూలుగా అయితే గదికి రెండు నిమిషాలు.

దీని మీద ఒక పరిశోధన ఉంది. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విద్యార్థులను మ్యూజియానికి తీసుకెళ్లి, కొన్ని వస్తువులను ఊరికే చూడమని, కొన్నింటిని ఫోటో తీయమని చెప్పారు. 2014లో అచ్చయిన ఆ ఫలితాల్లో, ఫోటో తీసిన వస్తువులు వాళ్లకు తక్కువగా గుర్తున్నాయి. కానీ ఏదో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినవాటి విషయంలో ఆ నష్టం కనపడలేదు. నా గ్యాలరీలో మ్యూజియం ఫోటోలు వెయ్యి దాకా ఉన్నాయి. మొత్తం పలక వచ్చేట్టు తీసినవి చూస్తే ఏ ఊరో కూడా గుర్తురాదు. ఆ కిటికీ ముఖాలు మాత్రం కళ్లు మూసుకున్నా కనపడతాయి.

రెండో మంచి పని టార్చి. ఇది నాకు ఫోను నేర్పలేదు, ఉండవల్లిలో ఒక పెద్దాయన నేర్పాడు. పై అంతస్తులో పడుకున్న అనంతశయనుడి ముందు నేను లైటు సూటిగా కొడుతుంటే, “ఎదురుగా కాదు బాబూ, పక్కనుంచి పట్టు” అన్నాడు. పక్కకు జరిగి గోడకు దగ్గరగా పట్టాను. ఎదురు వెలుగులో చదునుగా, బూడిద రంగు గోడలా ఉన్నదానికి ఒక్కసారిగా నీడలొచ్చాయి. అరిగిపోయిన గీతలు లేచి నిలబడ్డాయి. మ్యూజియం లోపల మాత్రం అడక్కుండా టార్చి వేయకండి. చాలాచోట్ల ఒప్పుకోరు, ఫ్లాష్ అయితే అసలే వద్దు.

ఇక ఇంట్లో కూర్చుని చూసే సంగతి. నాగార్జునకొండ మ్యూజియానికి లాంచీ మీద పోవాలి, అక్కడి వస్తువులను కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీడాక్ వాళ్ల జతన్ సాఫ్ట్‌వేర్‌తో కట్టిన మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్‌లోనూ చూడొచ్చు. బ్రిటిష్ మ్యూజియం సైట్‌లో అమరావతి రాళ్లున్నాయి. అక్కడున్నవి నూటికి పైనే. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చినవాటిలో చాలా భాగం 1859లో లండనుకు ఓడెక్కాయి. వాటిలో ఒక పలకకు రెండు ముఖాలు. ఒక పక్క బోధిచెట్టు, కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కేవాళ్లు, అంటే బుద్ధుణ్ణి మనిషిగా చూపని రోజులు. కొన్ని వందల ఏళ్ల తర్వాత ఎవరో అదే రాయిని తిప్పి వెనక స్తూపం బొమ్మ చెక్కారు. రెండు వైపులా ఫోటోలున్నాయి. రాత్రిపూట మంచం మీద పడుకుని ఆ పలకను ఎన్నిసార్లు అటూ ఇటూ చూశానో.

చేతిలో ఉంచుకోవాల్సినవి: పవర్ బ్యాంకు, ఇయర్‌ఫోన్, ముందే సేవ్ చేసుకున్న పేజీలు. అన్నిటికన్నా ముందు సెలవు రోజు కనుక్కోండి. పోయిన వేసవిలో బాబాయిని తీసుకుని అమరావతి వెళ్లాం. మ్యాప్‌లో ‘తెరిచి ఉంది’ అని ఆకుపచ్చ అక్షరాలు. గేటుకు తాళం. శుక్రవారం సెలవని అప్పుడు గుర్తొచ్చింది. అంత ఎండలో వచ్చి ఊరికే పోవడం ఎందుకని చెట్టు కింద కూర్చుని, ఫోనులో ఆ రెండు ముఖాల పలక తెరిచి ఇచ్చాను. బాబాయి కళ్లజోడు సవరించుకుని, వేళ్లతో పెద్దది చేసుకుంటూ చాలాసేపు చూశారు.

“ఇది ఎక్కడిదిరా?”

“ఇక్కడిదే బాబాయ్. ఇప్పుడు లండన్లో ఉంది.”

ఆయన ఒకసారి తాళం వేసిన గేటు వైపు, ఒకసారి ఫోను వైపు చూసి, “వెనక్కి తిప్పు, ఆ రెండోది ఇంకోసారి చూద్దాం” అన్నారు.