ఇంటి దగ్గర టైపింగ్ పని అని ఫోన్ వస్తే జాగ్రత్త

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు ఆడవాళ్ళు ఇది చదివి పక్కింట్లోనూ చెప్పండి. "ఇంట్లో కూర్చుని టైపు చేస్తే నెలకి ఇరవై వేలు" అనే ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి. మా పిన్ని కోడలు ఇందులో ఇరుక్కుంది. తను రాయమంటేనే రాస్తున్నాను, పేరూ ఊరూ అడక్కండి.

ముందు రిజిస్ట్రేషన్ అని రూ.2,500 కట్టించుకుని స్కాన్ చేసిన పేజీలు పంపారు. నేనూ చూశాను. ఓ ఏదో సున్నా ఏదో, ఎల్ ఏదో ఒకటి ఏదో పోల్చుకోలేనంతగా అలికేసి ఉన్నాయి. తప్పులు నూటికి పది దాటితే కూలి లేదని అగ్రిమెంటు. తప్పులు చేయించడానికే తయారుచేసిన పేజీలవి. పిల్లాణ్ణి పడుకోబెట్టి రాత్రిళ్ళు కూర్చుని చేస్తే, "యాక్యురసీ చాల్లేదు" అని చేతులు దులుపుకున్నారు.

అసలు దోపిడీ ఆ తర్వాతే. లాయర్నంటూ ఒకడు ఫోన్ చేశాడు. అగ్రిమెంటు తప్పారు, రూ.18,000 కట్టకపోతే అరెస్టు అన్నాడు. వాట్సాప్‌లో నోటీసు పంపాడు. పైన మూడు సింహాలు, కింద గుండ్రటి ముద్ర, ఆ పక్కనే డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్! వినేవాళ్ళకి నవ్వొస్తుంది గానీ, "మీ మామగారికి ఫోన్ చేస్తాం" అనేసరికి ఆ పిల్ల వణికిపోయింది. గాజులు తాకట్టు పెట్టి సగం కట్టేసింది.

టైపింగులో తప్పులొచ్చాయని ఎవరూ అరెస్టు చెయ్యరండి. మహా అయితే అది సివిల్ తగాదా. ఇలా మోసం చేసి గుంజినవాళ్ళ మీదే కేసు పడుతుంది: ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ళ దాకా, భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ళ దాకా జైలు.

అయినా మనకి ఇంటిపని కొత్తా? 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిన మన నరసాపురం లేసు ఇళ్ళల్లో అల్లిందే కదా. ఏజెంటు దారం ఇస్తాడు, అల్లింది పట్టుకెళ్ళి కూలి ఇస్తాడు. ఆ కూలి చాలదని తిట్టుకుంటాం, అది వేరే సంగతి. ముందు నువ్వే డబ్బు కట్టమన్న ఏజెంటుని మాత్రం మా అమ్మమ్మ కూడా ఎరగదు.

డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. అవతలి అకౌంటులోంచి తీసేలోపు చెబితేనే ఆపే వీలుంటుంది. సైబర్ క్రైమ్ పోర్టల్లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. డబ్బు పోలేదు, ఫోన్లే వస్తున్నాయంటే, అలాంటి నంబర్ల మీద ఫిర్యాదు పెట్టడానికి టెలికాం శాఖ వాళ్ళ వెబ్‌సైట్ సంచార్ సాథీలో 'చక్షు' ఉంది. పద్ధతిగా వచ్చే ప్రచారం ఫోన్లకి 140తో మొదలయ్యే నంబర్లు ఉన్నాయి. ఈ మోసగాళ్ళు మామూలు మొబైల్ నంబర్ల నుంచే చేస్తారు. చాట్లు, నోటీసు తుడిచెయ్యకండి. మా పిల్ల కోపంకొద్దీ అన్నీ తీసేసింది, బ్యాంకు స్టేట్‌మెంటు ఒక్కటే మిగిలింది. దాంతోనే ఫిర్యాదు ఇచ్చాం.

మొన్న ఇంకో ఫోన్: "పోయిన డబ్బు ఇప్పిస్తాం, ఫైలు ఛార్జీ రూ.999." గొంతు మారింది, పద్ధతి అదే. ఆ నంబరూ చక్షులో పెట్టాం.