నెట్ సరిగా రాని తోట ఇంట్లో కెమెరాలు: నాలుగేళ్ల వాడకం తర్వాత

మా అమ్మ, నాయన ఉండేది ఉరవకొండ అవతల, ఊరికి కిలోమీటరున్నర దూరంలో, చీనీ (బత్తాయి) తోటలో కట్టుకున్న ఇంట్లో. నేను అనంతపురంలో ఉద్యోగం చేస్తున్నాను. అక్కడ వాళ్లిద్దరూ, రెండు ఆవులు, ఒక కుక్క. నాలుగేళ్ల కింద పక్క తోటలో ఒకే రాత్రి రెండు బోర్ల మోటారు కేబుళ్లు కోసుకుపోయారు, లోపలి రాగి కోసం. అది విన్న రోజు నుంచి నాకు రాత్రిళ్లు టెన్షనే. అప్పటి నుంచి మూడు రకాల కెమెరాలు వాడాం. మొదటి ఏడాదిన్నర కొన్నవి ఆ ఇంటికి సరిపోనివి. ఇంకెవరూ అలా డబ్బు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

ముందు అక్కడి నెట్ సంగతి. ఫైబర్ ఊళ్లోనే ఆగిపోయింది, తోట దాకా లైన్ లేదు. మొబైల్ సిగ్నలే దిక్కు. ఇంట్లో ఒక గీత వస్తుంది, మిద్దె ఎక్కితే మూడు. రాత్రి ఏడు దాటితే ఊరంతా ఫోన్లు పట్టుకుంటుంది, స్పీడ్ పడిపోతుంది. కరెంటు చాలాసేపు లేకపోతే టవరే ఆగిపోతుంది. ఫోన్‌లో వీడియోలు బాగానే ఆడుతున్నాయి కదా, కెమెరా కూడా ఆడుతుందనుకున్నాను. కెమెరాకు కావాల్సింది డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్, అంటే ఇంటి నుంచి బయటికి పంపే వేగం. రాత్రి ఎనిమిదింటికి మిద్దె మీద స్పీడ్ టెస్ట్ పెడితే అప్‌లోడ్ అర ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) కూడా లేదు. ఆ పరీక్ష కొనకముందు చేయాల్సింది.

మొదట కొన్నది వైఫై కెమెరా, రికార్డింగ్‌ను క్లౌడ్‌లో, అంటే నెట్ ద్వారా కంపెనీ సర్వర్లో దాచే రకం. సిమ్ వేసే రౌటర్ ఒకటి తెచ్చి దానికి కలిపాను. ఒక రాత్రి కుక్క గంటసేపు మొరిగిందట. పొద్దున చూస్తే గేటు తీసి ఉంది. యాప్ తెరిస్తే 9:40 నుంచి తెల్లవారుజాము దాకా 'డివైస్ ఆఫ్‌లైన్' అనే మాట తప్ప ఏమీ లేదు. నెట్ లేనప్పుడు ఆ కెమెరా ఏదీ దాచుకోలేదు. కనీసం అందులో మెమరీ కార్డు వేసుంటే ఆ రాత్రి దొరికేది.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. ఒక కెమెరా ఒక ఎంబీపీఎస్ చొప్పున వీడియో పంపితే గంటకు 450 ఎంబీ, రోజుకు దాదాపు 10.8 జీబీ. మన సిమ్ ప్లాన్‌లో రోజుకు వచ్చేది 2 జీబీ. నాలుగు కెమెరాల రికార్డింగ్‌ను మొబైల్ నెట్ మీద మోయించడం కుదిరే పని కాదు. రికార్డింగ్ ఇంట్లోనే ఉండాలి, నెట్ మనం తొంగి చూడటానికి మాత్రమే ఉండాలి. అప్పటి నుంచి ఏం కొన్నా ఆ ఒక్క మాట పట్టుకునే కొన్నాను.

రెండోది సోలార్ 4జీ కెమెరా. వైరు అక్కర్లేదు, సిమ్ వేసి స్తంభానికి బిగిస్తే చాలు, మెమరీ కార్డు కూడా ఉంది. చలికాలమంతా బాగా పనిచేసింది. అయితే ఇది ఎప్పుడూ రికార్డు చేయదు. మనిషి ఒంటి వేడిని సెన్సార్ పసిగడితేనే నిద్ర లేచి పది, ఇరవై సెకన్లు తీసి మళ్లీ పడుకుంటుంది. మా ఎండాకాలంలో చుట్టూ గాలే 40 డిగ్రీలు దాటుతుంది. మనిషికీ వెనకున్న గోడకూ వేడిలో తేడా లేకపోతే సెన్సార్‌కు మనిషి కనబడడు. మే నెల మధ్యాహ్నం నాయన దాని ముందు నుంచి నాలుగు సార్లు నడిస్తే ఒక్కసారి లేచింది. ఆషాఢం గాలికేమో ఎండకు కాగిన వేపకొమ్మ ఊగినా లేచేది, ఆ క్లిప్పులతోనే బ్యాటరీ అయిపోయేది. ఎండలో ఉన్న లిథియం బ్యాటరీకి 45 డిగ్రీలు దాటితే చార్జింగ్ కూడా మంచిది కాదు. ఇంటి కాపలాకు ఇది నమ్మకమైన వస్తువు కాదని తేలిపోయింది.

మూడోసారి పాత పద్ధతికే వచ్చాం. డీవీఆర్ (తీగల ద్వారా వచ్చే వీడియోను ఇంట్లోనే రికార్డు చేసే పెట్టె), 1 టీబీ హార్డ్‌డిస్క్, 2 మెగాపిక్సెల్ బుల్లెట్ కెమెరాలు (గొట్టం ఆకారంవి) నాలుగు, 3+1 కేబుల్. అంటే ఒకే తొడుగులో వీడియోకు ఒక తీగ, కరెంటు వగైరాలకు మూడు సన్న తీగలు. వీడియోను బాగా కుదించే హెచ్.265 పద్ధతిలో పెట్టుకుంటే నాలుగింటికీ కలిపి మూడు వారాల రికార్డింగ్ ఉంటుంది. ఎన్‌వీఆర్, ఐపీ కెమెరాలు (కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచే రకం) కూడా చూశాను. అందులో నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్లకే పరిమితం. మా పశువుల కొట్టం దానికి మించి ఉంది, అందుకే వద్దనుకున్నాను. ఇల్లు దగ్గరగా ఉండేవాళ్లకు అది మెరుగే. నాలుగు కెమెరాలు, డీవీఆర్, రౌటర్ అన్నీ ఇన్వర్టర్ మీద ఉన్నాయి. 150 ఏహెచ్ బ్యాటరీ ఒక ఫ్యాన్‌తో పాటు వీటినీ రాత్రంతా లాగుతోంది.

ఇందులోనూ చిక్కు వచ్చింది. గేటు కెమెరా పగలు చక్కగా కనబడేది. చీకటి పడితే బొమ్మ వచ్చేది, పోయేది. బిగించిన అబ్బాయి రెండుసార్లు కెమెరా మార్చాడు, ఫలితం లేదు. చివరికి నాయన కనిపెట్టాడు. సందె వేళ గేటు దగ్గర నిలబడి వింటే, అర నిమిషానికోసారి కెమెరాలోంచి 'టిక్' మని సన్నటి చప్పుడు వస్తోందట. అది రాత్రి చూపుకు మారేటప్పుడు లోపలి ఫిల్టర్ జరిగే చప్పుడు. కెమెరా ఆగిపోయి మళ్లీ మళ్లీ మొదలవుతోందన్న మాట. మీటర్ పెడితే ఇంటి దగ్గర 12 వోల్టులు, గేటు దగ్గర కెమెరా రాత్రి చూపు ఎర్రలైట్లు వెలిగాక 9 పైచిలుకు. అంత దూరం ఆ సన్న తీగలో కరెంటు నడిస్తే వోల్టేజీ పడిపోతుంది, రాత్రి లైట్ల భారం తోడైతే ఇంకా పడుతుంది. గేటు బల్బుకు ఎటూ కరెంటు ఉంది కాబట్టి అక్కడే ఒక అడాప్టర్ డబ్బాలో పెట్టాం. మళ్లీ ఆ సమస్య రాలేదు. దూరం కెమెరాకు కరెంటు దగ్గర్లోంచే ఇమ్మని బిగించేవాళ్లకు ముందే చెప్పండి.

ఇంకో ఏడాది మే నెలలో ఉరుముల వానకు డీవీఆర్‌లో ఒక చానల్ (ఒక కెమెరా కలిపే చోటు) పోయింది. బయట అంత పొడవు తీగ ఉంటే పిడుగు దెబ్బ లోపలికి వస్తుంది. ఆ తర్వాత ఎర్తింగ్ సరిచేయించి, ఒక్కసారిగా ఎగిసే కరెంటును ఆపే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించాం. ఎలుకలు కొరకకుండా తీగంతా పైపులో వేయించాం. కెమెరాలు ఐపీ67 (నీళ్లు, దుమ్ము లోపలికి పోవని చెప్పే గుర్తు) రకం కాబట్టి వాన, దుమ్ము తట్టుకున్నాయి. సాలీడుకే మందు లేదు. రాత్రి కెమెరా వెలుగుకు పురుగులు, వాటి కోసం సాలీడు. గూడు ఒక్క పోగు అద్దం ముందుకొచ్చినా తెరంతా తెల్లగా అయిపోతుంది. నాయన పొద్దున్నే ఆవులకు నీళ్లు పెట్టి వస్తూ, తువ్వాలు కొస కర్రకు చుట్టి నాలుగు కెమెరాలూ తుడుస్తాడు.

ఈ పద్ధతిలో నాకు అన్నింటికన్నా విలువైనది పడక దగ్గర పెట్టిన పాత టీవీ. డీవీఆర్ దానికే కలిపాం, నెట్‌తో పని లేదు. కుక్క మొరిగితే నాయన తలుపు తీయకుండా టీవీ చూస్తాడు. పోయిన ఆషాఢంలో టవర్ కూడా ఆగిపోయిన ఒక రాత్రి గేటు దగ్గర బైకు ఆగింది, ఇద్దరు దిగారు. నాయన లోపలి నుంచే బయటి లైట్లన్నీ వేసి గట్టిగా కేకేశాడు. వాళ్లు బైకెక్కి వెళ్లిపోయారు. నేను ఆ రాత్రి ఫోన్‌లో ఏదీ చూడలేకపోయాను. అయినా ఇంట్లో ఉన్నవాళ్లు చూడగలిగారు.

మరుసటి రోజు రికార్డింగ్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో పోలీస్ స్టేషన్‌కు వెళ్తే వాళ్లు ముందు అడిగింది టైము సరైందేనా అని. డీవీఆర్ గడియారం 11 నిమిషాలు వెనక ఉంది. నెట్ నుంచి టైము తీసుకునే ఎన్‌టీపీ ఆప్షన్ నేను ఆన్ చేయలేదు. నెట్ అసలే లేనివాళ్లు నెలకోసారి ఫోన్ చూసి టైము దిద్దుకోవాలి. ముఖాలు కూడా తెలియలేదు. 2.8 ఎంఎం లెన్స్ వెడల్పుగా చూపిస్తుంది కానీ నాలుగైదు మీటర్లు దాటితే మనిషిని గుర్తుపట్టడం కష్టం. బైకు లైటు వెలుగుకు నంబరూ కనబడలేదు. ఇప్పుడు గేటుకు దగ్గరగా చూపే 6 ఎంఎం లెన్స్ పెట్టించాను, గేటు తోసుకొచ్చే మనిషి ముఖం నిండుగా పడుతోంది.

ఫోన్‌లో చూడటానికి సబ్ స్ట్రీమ్‌ను (ఫోన్‌కు పంపే తక్కువ నాణ్యత వీడియోను) 256 కేబీపీఎస్‌కు, అంటే దాదాపు పావు ఎంబీపీఎస్‌కు తగ్గించుకున్నాను. గంట చూసినా 115 ఎంబీ మించదు, బలహీనమైన సిగ్నల్‌లో కూడా ఆగకుండా వస్తుంది. మొబైల్ నెట్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి నేరుగా డీవీఆర్‌కు దారి తెరవడం) సాధారణంగా కుదరదు, డీవీఆర్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కంపెనీ యాప్‌లోనే చూడాలి. కాబట్టి మొదటి రోజే పాస్‌వర్డ్ మార్చండి. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే సీసీటీవీ కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు, కొనేటప్పుడు అది అడగడం మంచిది.

అమ్మకు మొదట్లో ఇవేవీ నచ్చలేదు. వాకిట్లో తను తల దువ్వుకునే చోటు నువ్వు అనంతపురంలో కూర్చుని చూస్తావా అంది. ఆ మాట న్యాయమే అనిపించింది. వాకిలి కెమెరాను గేటు దారి వైపు తిప్పించాను. పక్క తోటవాళ్ల ఇల్లు కనబడే మూలను సెట్టింగుల్లో నల్లగా మూసేశాను.

మోటారు షెడ్డు మాత్రం ఇంటికి మూడు వందల మీటర్లు పైనే ఉంటుంది. అక్కడికి తీగ లాగితే ఆ తీగనే కోసుకుపోతారు. అందుకని సోలార్ కెమెరాను షెడ్డు చూరు కింద నీడలో, వేపచెట్టుకు దూరంగా బిగించి, సోలార్ పలక ఒక్కటే పైన ఎండలో పెట్టాం. ఈ ఎండాకాలం నిరుటి కన్నా నయంగా ఉంది. అలాంటిది కొనేవాళ్లు మన దేశపు 4జీ బ్యాండ్లు (సిగ్నల్ ఫ్రీక్వెన్సీలు), ముఖ్యంగా మీ సిమ్ కంపెనీ వాడేవి ఉన్నాయో లేదో చూసుకోండి. దాని సిమ్ రీచార్జ్ 28 రోజులకోసారి. తేదీ దగ్గరపడితే నాయనే ఫోన్ చేసి గుర్తుచేస్తాడు.