ఎయిర్ రైఫిల్ ఫ్రంట్ సైట్‌కి అడ్జస్టబుల్ ఐరిస్: కొనొచ్చా?

18 మి.మీ. టన్నెల్‌లో (రైఫిల్ కొసన ఉండే ముందు సైట్ గొట్టం) పట్టే ఐరిస్ (టార్గెట్‌ని చూసే గుండ్రటి రంధ్రం) ఇది. రింగు మారుస్తూ కూర్చోనక్కర్లేదు, తిప్పితే సైజు మారుతుంది. పనితనం బాగుంది, కానీ దాని మీద చెక్కిన అంకెల్ని నమ్మొద్దు. కాలిపర్‌తో (వ్యాసం కొలిచే పరికరం) కొలిచి మీ గుర్తు మీరే పెట్టుకోండి.

బిగించేటప్పుడు టన్నెల్ నట్టును వేళ్లతోనే తిప్పండి. ఎక్కువ బిగిస్తే ఐరిస్ పట్టేస్తుంది, వదులైతే షాట్ అదురుకి తనంతట తనే జరుగుతుంది.

అసలు పని ఆ తర్వాత ఉంది. వెనక ఐరిస్‌ని (కంటి దగ్గరి సైట్ రంధ్రం) 1.1 మి.మీ. దగ్గర పెట్టి, చీక్‌పీస్ మీద చెంప ఆనించి చూడండి. వెనక రంధ్రం మధ్యలో టన్నెల్ గుండ్రంగా, చుట్టూ ఒకే మందం వెలుగుతో కనపడాలి. మెడ వంచితేగానీ అలా రాకపోతే సరిచేయాల్సింది చీక్‌పీస్‌నే. సైట్ స్క్రూల జోలికి పోవద్దు. సైట్ల మధ్య 80 సెం.మీ. దూరం ఉంటే, వాటి వరసలో 0.1 మి.మీ. తేడా 10 మీటర్ల దూరంలోని టార్గెట్ మీద 1.25 మి.మీ. అవుతుంది. అంటే దాదాపు అర పాయింటు పోయినట్టే!

టార్గెట్ మధ్య నల్ల వృత్తం వ్యాసం 30.5 మి.మీ. కాబట్టి ముందు ఐరిస్‌ని 4.0 మి.మీ.తో మొదలుపెట్టండి. చిన్నదైతే ఐరిస్‌కీ నలుపుకీ మధ్య తెల్ల సందు మిణుకుమంటుంది, కన్ను దాని వెంటే పరిగెడుతుంది. పెద్దగా ఉంటేనే నయం.

రింగులు మార్చే అలవాటు లేనివాళ్లకి ఇది అనవసర ఖర్చు.